ఆర్ అక్షరం ఉన్న స్పార్క్ ప్లగ్గు పాత ఆర్‌ఎక్స్ 100కు సరిపోతుందా? కాయిల్ నుంచి ప్లగ్గుకు వెళ్లే హెచ్‌టీ (హై టెన్షన్) వైరు కూడా మార్చాలా?

మైపాడుదారి (నెల్లూరు):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100ను ఇప్పుడు నేను నడుపుతున్నాను. రోజూ తెల్లవారుజామున నెల్లూరు నుంచి మైపాడు దారిలో ఉన్న మా రొయ్యల గుంటల దాకా వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగి వస్తాను. నెల రోజులుగా బండి ఇబ్బంది పెడుతోంది. ఉదయం మంచులో బయలుదేరితే మొదటి నాలుగైదు కిలోమీటర్లు ఇంజను మిస్సవుతూ, మూడో గేరులో యాక్సిలరేటరు పూర్తిగా తిప్పినప్పుడు ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఆగి ఆగి పోతుంది. ఎండ ఎక్కాక అదే బండి చాలా వరకు సర్దుకుంటుంది.

బండిలో ఇంతకాలం ఎన్‌జీకే బీపీ7హెచ్‌ఎస్ ప్లగ్గు ఉండేది. మార్చి చూద్దామని దుకాణానికి వెళితే అది లేదని బీపీఆర్7హెచ్‌ఎస్ ఇచ్చారు. మధ్యలో ఆ ఆర్ ఏమిటని అడిగితే, "ప్లగ్గు అంటే ప్లగ్గేనబ్బయా, బిగించుకో పో" అన్నారు. మా మెకానిక్ మాత్రం అది రెసిస్టర్ ప్లగ్గని, నిప్పురవ్వను బలహీనం చేస్తుందని, పాత బండికి పెట్టకూడదని అంటున్నాడు. వైరు కూడా మార్చేసి, కారుకు వాడే లావుపాటి సిలికాన్ వైరు వేయిస్తే పికప్ పెరుగుతుందని ఇంకొకరి సలహా. కొత్త ప్లగ్గు ఇంకా డబ్బాలోనే ఉంది. దాన్ని పెట్టవచ్చా, వైరు విషయంలో ఏం చేయాలి అన్నది తెలిసినవారు చెప్పగలరు.

వేదాయపాలెంవైరింగ్:

నమస్కారమండీ. ముందుగా ఒక్క మాట. మీ ఇబ్బంది మొదలైనప్పుడు బండిలో ఉన్నది ఆర్ లేని పాత ప్లగ్గే. అందువల్ల ఆర్ గురించిన చర్చ ఎలా తేలినా, మీ జబ్బుకు కారణం అది కాదు. మంచులో మిస్సవడం, ఎండకు సర్దుకోవడం అనే లక్షణం చూస్తే తేమ ఉన్నచోట కరెంటు పక్కదారి పడుతోందని నాకు అనుమానం. దాని సంగతి తరువాత చెబుతాను.

మీ రెండు ప్లగ్గుల పేర్లను అక్షరం అక్షరం చదవండి. బీ అంటే మర వ్యాసం 14 మిల్లీమీటర్లు. పీ అంటే లోపలి పింగాణీ ముక్కు అంచు దాటి ముందుకు వచ్చిన రకం. 7 అనేది వేడి అంకె, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పేది. హెచ్ అంటే మర పొడవు 12.7 మిల్లీమీటర్లు. చివరి ఎస్ రాగి గుండె ఉన్న మామూలు ఎలక్ట్రోడును సూచిస్తుంది. ఇవన్నీ రెండింటిలోనూ ఒక్కటే. తేడా అల్లా ఆర్ ఉన్న దానిలో పింగాణీ లోపల, పై మొనకూ కింది ఎలక్ట్రోడుకూ మధ్య, సుమారు 5 కిలో ఓముల రెసిస్టరు (కరెంటుకు అడ్డుపడే ముక్క) ఇమిడి ఉండటమే. మర, పొడవు, వేడి సరిపోయాయి కాబట్టి ఆ ప్లగ్గు మీ ఇంజనుకు ఏ హానీ చేయదు.

ఇక రవ్వ బలహీనపడుతుందన్న మాట. ప్లగ్గు సందులో రవ్వ దూకే ముందు అక్కడ కరెంటు ప్రవహించదు, కాయిల్ పుట్టించిన వోల్టేజీ పెరుగుతూ మాత్రమే ఉంటుంది. కరెంటు లేనప్పుడు రెసిస్టరు మింగేదీ దాదాపు ఏమీ ఉండదు కనుక, సందును దాటడానికి కావలసిన వేల వోల్టులు ఆ సందుకు పూర్తిగానే చేరతాయి. రవ్వ దూకిన తరువాత పారే కరెంటును లెక్క కోసం 50 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే, 5 కిలో ఓముల దగ్గర పోయేది 250 వోల్టులు. పాత కాయిల్ కూడా దీన్ని గమనించదు. అదే దారిలో మొత్తం 25 కిలో ఓములు పేరుకుంటే పోయేది 1,250 వోల్టులు, అప్పుడు రవ్వ నిలబడే సమయం తగ్గిపోతుంది. మీ మెకానిక్ మాటలో నిజం ఉన్నది ఈ రెండో సందర్భంలోనే. కాబట్టి కాయిల్ మొదలుకొని ప్లగ్గు కొస దాకా ఉన్న దారి మొత్తాన్ని ఒకటిగా తీసుకుని లెక్క కట్టాలి. ప్లగ్గులో 5, ప్లగ్గు మీద తొడిగే క్యాపులో 5, రెండూ కలిసి 10 అయినా నడిచే బండ్లు ఎన్నో ఉన్నాయి, కొన్ని జపాన్ బండ్లు కంపెనీ నుంచే అలా వస్తాయి. వాటి మీద కారుకు వాడే కార్బన్ వైరు కూడా చేర్చి ఆ లెక్కను ఇంకా పెంచుకోవడమే అనవసరం.

మరి ఆ రెసిస్టరు ఎందుకు పెట్టారంటే, సందులో రవ్వ దూకిన క్షణంలో వైరు మీద పోగుపడిన విద్యుత్తు సెకనులో కోట్ల వంతులో ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. అంత వేగంగా కరెంటు ఎగిసిపడితే ఆ వైరే యాంటెన్నాగా మారి రేడియో తరంగాలను వెదజల్లుతుంది. ప్లగ్గుకు అతి దగ్గరలో రెసిస్టరు ఉంటే ఆ ఎగిసిపాటు తగ్గుతుంది, పనిలో పనిగా ఎలక్ట్రోడు అరుగుదల కూడా కొంత తగ్గుతుంది. మీ బండిలో రవ్వను సమయానికి పుట్టించేది పాయింట్లు (తెరుచుకుని మూసుకునే పాతకాలపు స్విచ్చి) కాదు, సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె. మాగ్నెట్ దగ్గరి కాయిల్ కరెంటుతో ఒక కెపాసిటరు నిండుతుంది, పికప్ కాయిల్ సంకేతం అందగానే అది హెచ్‌టీ కాయిల్‌లోకి ఖాళీ అవుతుంది. ఆ సంకేతం చాలా చిన్నది. రవ్వ రేపిన అలజడి దానిలో కలిస్తే టైమింగు తప్పే అవకాశం ఉంటుంది. అందుకే సీడీఐ ఉన్న బండిలో క్యాపులోనో ప్లగ్గులోనో ఒకచోట రెసిస్టరు తప్పకుండా ఉండాలని నేను అంటాను.

ఇప్పుడు చేయవలసిన పని. ప్లగ్ క్యాపును వైరు నుంచి మర తిప్పినట్టు ఎడమకు తిప్పి ఊడదీయండి. మల్టీమీటరును 200 కిలో ఓముల స్థానంలో పెట్టి, ఒక పుల్లను క్యాపు లోపల ప్లగ్గు పట్టుకునే చోట, రెండో పుల్లను వైరులోకి దిగే మొన మీద ఆనించండి. రెసిస్టర్ క్యాపు అయితే సుమారు 5 రావాలి, రెసిస్టరు లేని క్యాపు అయితే సున్నాకు దగ్గరగా ఉండాలి. 20, 30 చూపినా, అసలు ఏమీ చూపకపోయినా క్యాపు పోయినట్టే. అంకె ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.

ఒంగోలుబుల్లెట్టు:

వేదాయపాలెం వారు చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు, కానీ ఆర్ ఉన్న ప్లగ్గును ప్రతి పాత బండికీ అంటగట్టడం నాకు సమ్మతం కాదు. నా దగ్గర పోత ఇనుప ఇంజను ఉన్న బుల్లెట్ 350 ఉంది, పాయింట్లు, కండెన్సరు, బ్యాటరీ కాయిల్ ఉన్న పాత పద్ధతి. అందులో చెదిరిపోవడానికి ఎలక్ట్రానిక్ పరికరమే లేదు. ఆర్ లేని ప్లగ్గుతో, రాగి తీగ వైరుతో ఇన్నేళ్లూ ఏ లోటూ లేకుండా నడిచింది. పాయింట్ల బండి ఒక్క కిక్కుకు అందుకోలేదంటే నేను ముందు చూసేది పాయింట్ల సందును, ఆ తరువాత కండెన్సరును. ప్లగ్గు మీద అక్షరాల వంతు వాటి తరువాతే వస్తుంది.

అయితే న్యాయంగా ఒక సంగతి ఒప్పుకోవాలి. 1980లలో మా వీధిలో ఒకే ఒక టీవీ ఉండేది, ఆదివారం దూరదర్శన్ చూడటానికి వీధి వీధంతా ఆ ఇంటి వసారాలో చేరేది. మా పెదనాన్న అదే సమయానికి బుల్లెట్టు తీసేవారు. బండి కదిలి మలుపు తిరిగేదాకా తెర నిండా తెల్లచుక్కలు, చారలు, శబ్దంలో చిటపటలు. లోపలి నుంచి కేకలు వినిపించేవి. ఆ చుక్కలకు కారణం ఆర్ లేని ప్లగ్గేనని నాకు పాతికేళ్ల తరువాత గాని తెలియలేదు. నా బండికి ఫోను చార్జరు, దారి చూపే ఫోను తగిలించిన నాటి నుంచి 5 కిలో ఓముల క్యాపు వేశాను. ప్లగ్గు మాత్రం మామూలుదే.

మల్టీమీటరు లేనివారికి ఒక చిట్కా. చిన్న ట్రాన్సిస్టర్ రేడియోను మీడియం వేవ్‌లో ఏ కేంద్రమూ పలకని చోట పెట్టి, బండికి రెండు మూడు అడుగుల దూరంలో ఉంచి ఇంజను నడపండి. యాక్సిలరేటరుతో పాటే పెరుగుతూ తగ్గుతూ చిటపటలు వినిపిస్తే మీ దారిలో రెసిస్టరు లేనట్టే, లేదా ఎక్కడో ఒకచోట వైరు తెగి రవ్వ అడ్డదారిన దూకుతున్నట్టు.

వేదాయపాలెంవైరింగ్:

ఒంగోలు వారి పాయింట్ల బండి విషయంలో నేనూ అదే అంటాను, అక్కడ ఆర్ ఉన్నా లేకున్నా ఇంజనుకు తేడా తెలియదు. ఒక్క చోట మాత్రం నా అభిప్రాయం వేరు. రెసిస్టరును క్యాపులో కంటే ప్లగ్గులో ఉంచడమే మేలు. ప్లగ్గును ఎలాగూ కొన్ని వేల కిలోమీటర్లకు మారుస్తాం కాబట్టి దానితో రెసిస్టరు కూడా కొత్తది అవుతుంది. క్యాపును మాత్రం బండి పుట్టిన నాటి నుంచి ఎవరూ ముట్టుకోరు, అది లోపల ఎప్పుడు చచ్చిందో కూడా తెలియదు.

మైపాడుదారి:

మీరు చెప్పినట్టే నిన్న సాయంత్రం కొలిచాను. మొదట 400 కిలో ఓములకు పైగా ఏదో అంకె వచ్చి స్థిరంగా నిలవలేదు, ఒకసారి 380, ఒకసారి 520 అని చూపింది. మీటరు స్థానం కూడా మార్చవలసి వచ్చింది. మళ్లీ కొలిస్తే అసలేమీ రాలేదు. నేనే ఏదో పొరపాటు చేస్తున్నానా?

క్యాపు తిప్పి తీసినప్పుడు ఇంకొకటి గమనించాను. క్యాపు మొన దిగిన చోట వైరులోని రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి, గోటితో గీరితే పొడి రాలుతున్నాయి. క్యాపు కింది రబ్బరు అంచు ఒకచోట చీలి ఉంది.

వేదాయపాలెంవైరింగ్:

మీరు మొదటిసారి కొలిచినప్పుడు రెండు పుల్లల లోహాన్ని రెండు చేతుల వేళ్లతో అదిమి పట్టుకుని ఉంటారు. అప్పుడు మీటరు చూపింది క్యాపు అంకె కాదు, మీ ఒంటి అంకె. చేతి తడిని బట్టి అది మారుతూ ఉంటుంది. వేళ్లు తగలకుండా కొలిచినప్పుడు ఏమీ రాలేదంటే క్యాపులోని రెసిస్టరు తెగిపోయిందని అర్థం. తెగిన తరువాత కూడా బండి ఎలా నడిచిందని మీకు సందేహం రావచ్చు. ఆ తెగిన చోటును వేల వోల్టుల పీడనంతో రవ్వ దూకి దాటుతోంది, ప్లగ్గు సందుకు ముందు ఇంకొక సందు తయారైందన్నమాట. పొడి వాతావరణంలో అది ఎలాగో గడిచిపోతుంది. ఉదయం మంచులో, పైగా సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు ఆ చీలిన రబ్బరు లోపల పేరుకున్నప్పుడు, ఆ వోల్టేజీకి పింగాణీ పై తడిపొర మీదుగా ఇంజను ఇనుములోకి పారిపోవడమే తేలికవుతుంది. గుంటల గాలి తగిలే బండ్లలో ఇది కొత్త కాదు, మైపాడు నుంచి కొత్తపట్నం దాకా కోస్తా దారిలో తిరిగే బండ్లన్నింటిలోనూ నేను ముందు చూసేది ఆ రబ్బరు అంచునే.

వైరును కొస దగ్గర ఒక సెంటీమీటరు కోయండి. పచ్చదనం ఇంకా కనిపిస్తే ఇంకొక సెంటీమీటరు. ఎర్రగా మెరిసే రాగి కనిపించేదాకా కోస్తూ పోవచ్చు, కానీ క్యాపు ప్లగ్గు మీద బిగుతుగా లాగకుండా కూర్చునేంత పొడవు మిగలాలి. చాలా పాత బండ్లలో వైరు కాయిల్‌తో కలిపి పోతపోసి ఉంటుంది, దాన్ని మార్చాలంటే కాయిల్ మొత్తం మార్చవలసిందే. వైరు పొట్టిదైపోయి మధ్యలో అతుకు వేయడం మాత్రం వద్దు, ఆ అతుకే రేపు ఇంకొక క్యాపు అవుతుంది.

కారు సిలికాన్ వైరు సంగతి. ఆ వైరులలో ఎక్కువ వాటి గుండె రాగి కాదు, కార్బన్ పూసిన నూలు. అడుగుకు కొన్ని కిలో ఓముల చొప్పున రెసిస్టెన్సు వైరు పొడవునా పరుచుకుని ఉంటుంది. మోటారు సైకిలు క్యాపు లోపల ఉన్నది మేకు లాంటి మర మొన. అది రాగి తీగల మధ్యలోకి దిగి పట్టుకుంటుంది. కార్బన్ నూలులోకి దిగితే నూలును చీల్చుకుంటూ పోతుంది, నాలుగు రోజులు నడిచి ఐదో రోజు వదులవుతుంది. పైగా ఆ వైరు 8 మిల్లీమీటర్ల లావు ఉంటే, 7 మిల్లీమీటర్ల వైరు కోసం చేసిన క్యాపు రబ్బరులో అది పట్టదు. సన్నని వైరుకు పెద్ద రబ్బరు వేసినా తప్పే, అంచు నుంచి నీళ్లు దిగుతాయి. రాగి తీగ గుండె ఉన్న వైరు, దాని లావుకు సరిపోయే క్యాపు, ఈ రెండూ మీ బండికి చాలు. పికప్ పెరగడమన్నది వైరు వల్ల జరగదు, పోయిన పికప్ తిరిగి రావడం మాత్రం జరుగుతుంది, జనం ఆ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

రబ్బరు అంచు లోపల వేలి కొసతో సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. కొందరు వాసెలిన్ రాస్తారు, అది రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది కాబట్టి నేను రాయనివ్వను.

కందుకూరుటూస్ట్రోక్:

ఒక చిన్న హెచ్చరిక కలుపుతాను. ఎన్‌జీకే దొరకనప్పుడు దుకాణాల్లో బాష్ ప్లగ్గు చేతిలో పెడతారు. 2008లో కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా మా వైపు ఇప్పటికీ దాన్ని మైకో ప్లగ్గనే అడుగుతారు. దానిలోనూ పేరు మొదట్లో వచ్చే ఆర్ రెసిస్టరునే సూచిస్తుంది. వేడి అంకె మాత్రం తలకిందులు. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లని రకం, బాష్‌లో అంకె పెరిగేకొద్దీ వేడి రకం. ఏడుకు ఏడు అని చూసుకుని పెట్టించుకున్న నా స్నేహితుడి టూ స్ట్రోక్ బండి హైవే మీద పిస్టను పట్టేసి నిలబడిపోయింది. రెండు కంపెనీల మధ్య మార్చేటప్పుడు సరిపోలిక పట్టిక చూడకుండా కొనవద్దు.

ఇంకొకటి, కొత్త ప్లగ్గు పైమొన మీద మర నట్టు ఒకటి బిగించి వస్తుంది. మీ క్యాపు ఆ నట్టుతో పట్టే రకమా, నట్టు తీసేసి మర మొన మీద పట్టే రకమా చూసుకోండి. నట్టు ఉంచవలసిన రకమైతే పట్టకారుతో ఒక్కసారి బిగించండి. అది వదులుగా ఉంటే అక్కడ కూడా రవ్వ దూకుతుంది.

ఒంగోలుబుల్లెట్టు:

రవ్వ వస్తోందా అని చూడటానికి క్యాపు ఊడదీసి గాలిలో వదిలి కిక్కు కొట్టే అలవాటు మన మెకానిక్కులకు ఎక్కువ. సీడీఐ బండిలో ఆ పని చేయవద్దు. రవ్వకు దారి దొరకకపోతే ఆ వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుని బయటపడుతుంది. ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజను రెక్కకు గట్టిగా ఆనించి మాత్రమే చూడాలి. కార్బురేటరు దగ్గర పెట్రోలు తడి లేకుండా చూసుకోవడం మరవకండి.

మైపాడుదారి:

అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం పని పూర్తి చేశాను. వైరును రెండుసార్లు కోశాను, మొదటి సెంటీమీటరు కోసినా తీగల మధ్య పచ్చ మిగిలింది, రెండోది కోసిన తరువాత ఎర్రటి రాగి బయటపడింది. అదృష్టవశాత్తు వైరు పొడవు సరిపోయింది. 7 మిల్లీమీటర్ల వైరుకు సరిపోయే కొత్త 5 కిలో ఓముల క్యాపు నెల్లూరులోనే దొరికింది. రెసిస్టరు లేని క్యాపు కోసం రెండు దుకాణాలు తిరిగినా దొరకలేదు, అందువల్ల ప్లగ్గులో ఒక 5, క్యాపులో ఒక 5 పెట్టవలసి వచ్చింది. వేళ్లు తగలకుండా కొలిస్తే క్యాపు 5.1, కొత్త బీపీఆర్7హెచ్‌ఎస్ 4.8 చూపాయి, రెండూ కలిపి పదికి లోపే. ప్లగ్గు సందును ఫీలర్ గేజితో 0.7 మిల్లీమీటర్లకు సరిచేశాను.

చీకటి పడ్డాక ఇంజను నడుపుతూ, చేయి దూరంగా ఉంచి, వైరు మీద స్ప్రే సీసాతో నీళ్లు చిలకరించి చూశాను. పాత క్యాపుతో ఇదే పరీక్ష ముందురోజు చేసినప్పుడు రబ్బరు చీలిక దగ్గర నీలిరంగు దారం లాంటి వెలుగు ఇంజను రెక్క మీదికి పాకడం మా తమ్ముడు కూడా చూశాడు. ఇప్పుడు అది లేదు. మూడు ఉదయాలుగా మంచులోనే గుంటల దాకా వెళుతున్నాను, మూడో గేరులో పట్టుకోవడం ఒక్కసారి కూడా రాలేదు.

ఒంగోలు వారి రేడియో పరీక్ష కూడా చేశాను. పాత క్యాపు, పాత ప్లగ్గు ఉన్నప్పుడు రేడియోను అరుగు మీద, బండికి నాలుగు అడుగుల దూరంలో పెడితే వేయించిన ఆవాలు చిటపటలాడినట్టు వినిపించింది. ఇప్పుడు అదే అరుగు మీద ఉత్త హోరు మాత్రమే ఉంది. రేడియోను పెట్రోలు ట్యాంకు మీద పెడితే మాత్రం ఇంజను తిరిగే లయకు సన్నగా టిక్కు టిక్కుమంటోంది.

వేదాయపాలెంవైరింగ్:

ట్యాంకు మీద ఆ మాత్రం టిక్కు ఉంటుందండీ, దానికి కంగారు వద్దు. పాత ప్లగ్గును పారేయకుండా సీటు కింద పెట్టుకోండి, దారిలో అవసరమైతే ఆ 5 కిలో ఓముల క్యాపుతో అది కూడా సరిపోతుంది.